"ఆడించడం సరేనండీ, మాటలెప్పుడు నేర్పుతారు?" : అపోహలు - వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలో మా స్పీచ్ థెరపీ గదిలోకి వచ్చినవాళ్ళకి ముందు కనిపించేది కింద పరిచిన చాప, దాని మీద ఒక ప్లాస్టిక్ బుట్ట. బుట్టలో నాలుగు స్టీలు గిన్నెలు, ఒక గరిటె, చక్రం ఊడిన లారీ, రెండు కొండపల్లి బొమ్మలు. పిల్లాడితో కలిసి ఆ లారీ తోలి, గిన్నెలో ఉత్తుత్తి పప్పు వండి, వాళ్ళ నాన్నకి వడ్డించేసరికి పావుగంట అవుతుంది. అప్పుడు ఆయన మొహమాటంగా అడుగుతారు: "ఆడించడం సరేనండీ, మాటలెప్పుడు నేర్పుతారు?" నేను పావుగంట నుంచీ చేస్తున్నది అదే. ఆ మాట నమ్మించడానికి మాత్రం ఒక్కోసారి నెల పడుతుంది.

అపోహ: "ఇదేంటి? అదేంటి?" అని ఎంత ఎక్కువ అడిగితే మాటలు అంత తొందరగా వస్తాయి.

వాస్తవం: పిల్లలకి అది ఆటలా ఉండదు, పరీక్షలా ఉంటుంది. కొత్తలో నేనూ ఇదే చేశాను. మూడేళ్ళ పిల్లాడి ముందు ఇరవై నిమిషాలు ఫ్లాష్‌కార్డులు తిప్పాను. ఆపిల్, బాల్, క్యాట్. నోరు విప్పలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోతూ గోడవైపు వేలు చూపించి "బల్లి!" అన్నాడు. నా కార్డుల్లో బల్లి లేదు. వాడికి చెప్పాలనిపించింది అక్కడే ఉంది.

అప్పటి నుంచీ తల్లిదండ్రులకి చెప్పేది ఇదే: మీరొక ప్రశ్న అడిగితే, మూడు మాటలు మీరే చెప్పండి. బిడ్డ ఏం చూస్తుంటే దాని గురించే. పాప "బస్సు" అంటే "ఏం రంగు బస్సు? ఎన్ని చక్రాలు?" అని వెంటపడకండి. "అవును, బస్సు వెళ్ళిపోయింది" అనండి చాలు. పాప ఒక మాట అంటే మీరు ఇంకో మాట కలిపి తిరిగిస్తున్నారన్నమాట. ఆ తర్వాత ఆగండి. మనసులో అయిదు దాకా, వీలైతే పది దాకా లెక్కపెట్టండి. మన ఇళ్ళల్లో అసలు కష్టం ఇక్కడే. పిల్లాడు నోరు తెరిచేలోపు అమ్మో, నాయనమ్మో, అక్కో జవాబు చెప్పేస్తారు. పాలగ్లాసు అడక్కుండానే చేతికొస్తుంటే వాడు మాత్రం ఎందుకు అడుగుతాడు? "పాలు కావాలా, నీళ్ళు కావాలా?" అని రెండూ చూపించి, వాడివైపు చూస్తూ కూర్చోండి. వేలు చూపించినా, సగం మాట అన్నా ఇచ్చేయండి. మొత్తం పలికేదాకా ఏడిపించొద్దు.

అపోహ: బుడగలు, ఈలలు ఊదిస్తే నాలుక గట్టిపడి మాట స్పష్టంగా వస్తుంది.

వాస్తవం: ఊదడానికీ పలకడానికీ కండరాలు పనిచేసే తీరు వేరు. ఊదుడు వ్యాయామాలతో ఉచ్చారణ బాగుపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. బుడగల సీసా మా బుట్టలోనూ ఉంటుంది, కానీ మూత బిగించి. ఒకసారి ఊది, మూత పెట్టేసి, ఎదురుచూస్తాం. పిల్లాడు "ఇంకా" అనాలి, కనీసం చెయ్యి చాపి నా మొహంలోకి చూడాలి. బుడగ వల్ల ఉపయోగం ఆ అడగడంలో ఉంది.

అపోహ: ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు అయితే పిల్లలు కన్ఫ్యూజ్ అయి మాటలు ఆగిపోతాయి.

వాస్తవం: రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఒకే వాక్యంలో రెండూ కలిపేయడం కూడా జబ్బు కాదు, మనం రోజూ చేసేదే. నాకు దిగులు కలిగించేది వేరే విషయం. స్కూలువాళ్ళు చెప్పారని కొందరు తల్లులు ఇంట్లో తెలుగు మానేస్తారు. తమకి ధారాళంగా రాని ఇంగ్లీషులో ఇక మిగిలేవి "కమ్, సిట్, ఈట్, నో". ఆజ్ఞలు తప్ప కబుర్లుండవు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంతవరకు కనీసం అయిదో తరగతి దాకా మాతృభాషలో బోధించమనే చెప్పింది.

పైగా తెలుగులోనే ఎంత ఆట ఉందో చూడండి. తలుపు వెనక నుంచి ఒక్కో బొమ్మనీ పిలవండి. అమ్మ వచ్చింది, తమ్ముడు వచ్చాడు, తాతగారు వచ్చారు. క్రియ చివర మారడం పిల్లలు వ్యాకరణం తెలియకుండానే పట్టేస్తారు. కావాలని "తాతగారు వచ్చింది" అనండి, నాలుగేళ్ళ పిల్లలు పగలబడి నవ్వి మరీ మిమ్మల్ని దిద్దుతారు. గరిటె దాచి "బల్ల కిందా? దిండు మీదా? డబ్బాలోనా?" అని వెతికించండి. మనకి పక్కనే ఉన్న కొండపల్లి బొమ్మలంటే నాకు అందుకే ఇష్టం. తాటిచెట్టు ఎక్కేవాడు, పిండి దంచే ఆమె, బండి తోలేవాడు, ప్రతి బొమ్మా ఏదో ఒక పని చేస్తుంటుంది. ఫ్లాష్‌కార్డుల్లో నామవాచకాలే తప్ప ఇన్ని క్రియలు దొరకవు. రంగు పూసిన కర్రబొమ్మలు కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి మాత్రం ఇవ్వకండి.

అపోహ: ఫోన్‌లో రైమ్స్ అన్నీ పాడేస్తున్నాడు, వంద దాకా అంకెలు చెప్తున్నాడు, ఇంక ఇబ్బందేముంది?

వాస్తవం: వంద దాకా చెప్పి, దాహమేస్తే నీళ్ళు అడగలేకపోతే ఇబ్బంది ఉన్నట్టే. వల్లించడం వేరు, అవసరానికి మాట్లాడటం వేరు. ఫోన్ మన పిల్లాడి మాట కోసం ఆగదు. రెండేళ్ళలోపు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ళ మధ్య రోజుకి గంట దాటొద్దని భారత శిశువైద్యుల సంఘం 2021లో సూచించింది.

అపోహ: ప్రీస్కూల్లో ముప్ఫైమంది ఉంటే ఇలాంటి ఆటలు కుదరవు.

కుదురుతాయి. టీచర్లకి నేను చెప్పేవి రెండే. ఒకటి, సంచి ఆట: గుడ్డసంచిలో అయిదారు ఇంటి వస్తువులు వేసి, చేత్తో తడిమి "మెత్తగా ఉంది, గుండ్రంగా ఉంది" అని చెప్పించడం. రెండోది చప్పట్లు. పా-లు, రెండు. బెం-డ-కా-య, నాలుగు. అ-ర-టి-కా-య, అయిదు. చెవితో విని పదాన్ని ఇలా ముక్కలు చేయగలగడం తర్వాత చదువుకి పునాది. మన లిపిలో ఒక్కో ముక్కకీ దాదాపు ఒక్కో అక్షరం ఉంటుంది కాబట్టి ఇది మనకి ఇంకా సులువు. పలక పట్టించే ముందు ఇదొక్కటి చేయించండి. చెమ్మచెక్క, గుడుగుడు గుంచం ఆడే పిల్లలకి ఈ లయ ఎలాగూ ఒంటబట్టి ఉంటుంది.

అపోహ: వస తేనెలో అరగదీసి నాకిస్తే మాటలొస్తాయి.

వాస్తవం: వసపిట్టలా వాగుతాడని మనం ఊరికే అనలేదు, నమ్మకం అంత పాతది. కానీ వసలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం హానికరం. అందుకే అమెరికా 1968లోనే వసను ఆహారంలో కలపడం నిషేధించింది. ఏడాదిలోపు పిల్లలకి తేనె కూడా ప్రమాదమే, బాట్యులిజం అనే తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. పెద్దవాళ్ళతో గొడవపడలేకపోతే నా పేరు చెప్పండి, తిట్లు నేను తింటాను.

అపోహ: మగపిల్లలకి మాటలు ఆలస్యమే. వాళ్ళ నాన్నకీ నాలుగో ఏటే వచ్చాయి.

వాస్తవం: ఆడ, మగ మధ్య తేడా కొద్దిగా ఉంటుంది, ఏళ్ళ తరబడి కాదు. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకి ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్ళకి "అమ్మ రా", "పాలు తే" లాంటి రెండు మాటల జంటలు రాకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగకండి. నాలుగేళ్ళలోపు "రైలు"ని "లైలు" అనడం మాత్రం మామూలే.

ముందు వినికిడి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకోవద్దు. కొన్ని శబ్దాలు వినిపించి కొన్ని వినిపించని పిల్లలు చాలామంది ఉంటారు. అంగన్‌వాడీలకీ ప్రభుత్వ బడులకీ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఇలాంటి పిల్లల్ని ఉచితంగా పరీక్షించి పెద్ద కేంద్రాలకి పంపుతాయి. రిపోర్టు చేతికొచ్చేదాకా ఆటలు ఆపాల్సిన పనేమీ లేదు.