రింగుల జుట్టుకు ప్రోటీన్: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒకమ్మాయి సంచీ నిండా సీసాలు తెచ్చి నా టేబుల్ మీద వరసగా పెట్టింది. షాంపూ, కండిషనర్, మాస్క్, లీవ్-ఇన్, జెల్. ఐదింటి మీదా ప్రోటీన్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తను ఎప్పుడూ రంగు వేయించుకోలేదు, స్ట్రెయిటెనర్ ముట్టలేదు. అయినా జుట్టు చేత్తో పట్టుకుంటే ఎండుగడ్డి పట్టుకున్నట్టు గరగరలాడుతోంది. రింగులు సాగిపోయి, కొసలు దేనికది విడిపోయి ఉన్నాయి. "ఇంకా స్ట్రాంగ్ ప్రోటీన్ ఏదైనా ఉంటే చెప్పక్కా" అంది.

రింగుల జుట్టు కత్తిరించడం, దాని బాగోగులు చూడటమే నా పని. ఈ పనిలో ప్రోటీన్ గురించి విన్నన్ని తప్పుడు మాటలు ఇంక దేని గురించీ వినలేదు. డబ్బు, సమయం పోగొట్టుకుని, చివరికి తమ జుట్టే మంచిది కాదని బాధపడేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అపోహ: జుట్టు ప్రోటీన్‌తోనే తయారవుతుంది కాబట్టి, ప్రోటీన్ రాస్తే దాన్ని తిని బలపడుతుంది.

వాస్తవం: మొదటి సగం నిజమే. పొడి వెంట్రుక బరువులో చాలా భాగం కెరాటిన్ అనే ప్రోటీనే. కానీ అది తయారయ్యేది చర్మం లోపల, కుదురులో. బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణం ఒక్కటీ ఉండదు. మనం రాసినదాన్ని అరిగించుకుని కొత్త కెరాటిన్ తయారు చేసుకునే శక్తి దానికి లేదు.

మరి సీసాలోని ప్రోటీన్ ఏం చేస్తుంది? వెంట్రుక మీద పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పొలుసులు పరుచుకుని ఉంటాయి. బ్లీచ్ వల్ల, వేడి వల్ల, గట్టిగా దువ్వడం వల్ల అవి లేస్తాయి, కొన్నిచోట్ల ఊడిపోతాయి. జుట్టుకు వాడేది ఎక్కువగా హైడ్రోలైజ్డ్ ప్రోటీన్, అంటే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టినది. మరీ చిన్న ముక్కలు ఆ సందుల్లోంచి కొంత లోపలికి వెళ్తాయి. పెద్దవి పైనే ఆగి పల్చటి పొరలా అంటుకుంటాయి. చిరిగిన చొక్కాకు మాసిక వేసినట్టన్నమాట. మాసిక వల్ల చొక్కా కొత్తదైపోదు, కానీ చిరుగు పెద్దది కాకుండా కొన్నాళ్లు ఆగుతుంది. తలస్నానం చేసిన కొద్దీ ఆ పొర కొంచెం కొంచెంగా పోతుంది, అందుకే మళ్లీ రాయాల్సి వస్తుంది.

అపోహ: రింగులు ఎంత ఎక్కువుంటే ప్రోటీన్ అంత ఎక్కువ కావాలి.

వాస్తవం: రింగు తిరిగేది కుదురు వంపును బట్టి. నిటారు జుట్టులో ఉన్నదీ, రింగుల జుట్టులో ఉన్నదీ కెరాటినే. తేడా ఎక్కడొస్తుందంటే, మలుపుల దగ్గర పొలుసులు తొందరగా లేస్తాయి, పక్క వెంట్రుకలతో రాపిడి ఎక్కువ, తల మీద ఊరే నూనె ఆ మలుపులన్నీ దాటుకుని కొసల దాకా రాలేదు. వీటికి కావాల్సింది జారుడునిచ్చే మంచి కండిషనర్, ఓపిగ్గా చిక్కు తీసుకోవడం. ప్రోటీన్ అవసరం జుట్టు ఎంత దెబ్బతిన్నదన్న దాన్ని బట్టి ఉంటుంది, ఎంత తిరిగిందన్న దాన్ని బట్టి కాదు.

నేను మొదట చేసే పని ఇది. ఒక పాయ తీసుకుని, లాగి చాచి, కొస నుంచి కుదురు వైపు రెండు వేళ్ల మధ్య మెల్లగా జరుపుతాను. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే చాచినప్పుడు 36 సెంటీమీటర్లున్న పాయలో కొస వయసు మూడేళ్లు, కుదురు దగ్గరది నిన్న మొన్నటిది. ఆ మూడేళ్లలో పడిన ఎండ, వేడి, రంగు అన్నీ కొసకు తెలుసు, కుదురు దగ్గరి జుట్టుకు ఏమీ తెలియదు. చాలామందికి వేలు సగం దూరం దాటేసరికి గరుకుదనం పోయి నున్నగా తగులుతుంది. ఎక్కడ నున్నగా మారిందో ప్రోటీన్ మాస్క్ అక్కడికి ఆపేయాలి. తలంతా పట్టించాల్సిన పని లేదు.

ఇంకో మాట. సన్నటి వెంట్రుకలున్న వాళ్లకు ఆ పల్చటి పొర కాస్త ఒత్తునిస్తుంది, రింగు నిలబడుతుంది. లావు వెంట్రుకలు అప్పటికే గట్టిగా ఉంటాయి కాబట్టి అదే పొర వాళ్లకు బిరుసుగా అనిపిస్తుంది. స్నేహితురాలికి పనిచేసింది మీకు పనిచేయకపోతే అందులో మీ తప్పేమీ లేదు.

అపోహ: ప్రోటీన్ ఎక్కువైతే జుట్టు శాశ్వతంగా పాడవుతుంది.

వాస్తవం: ప్రోటీన్ ఓవర్‌లోడ్ అనే మాట విని టెన్షన్ పడేవాళ్లు ఎక్కువయ్యారు. బిరుసెక్కడం నిజం, శాశ్వతం అనడం అబద్ధం. పొర మీద పొర పేరుకుంటే వెంట్రుక వంగదు, వంగనిది దువ్వేటప్పుడు విరుగుతుంది. కానీ పేరుకున్నదాన్ని కడిగేయొచ్చు.

ఆ అమ్మాయికి నేను చేసింది అంతే. క్లారిఫయింగ్ షాంపూతో రెండుసార్లు కడిగాను. ప్రోటీన్ లేని కండిషనర్ గుప్పెడు తీసుకుని, నీళ్లు కారుతున్న జుట్టుకే పట్టించి, వేళ్లతో చిక్కు తీశాను. మామూలు జెల్ పెట్టి ఆరనిచ్చాను. చెవి వెనక పాయ ముందుగా ఆరి, స్ప్రింగులా పైకి లేచింది. తను దాన్ని లాగి వదిలి, మళ్లీ లాగి వదిలి చూసుకుంది. ఆ జుట్టుకు లోపమేమీ లేదు, మోయలేనంత బరువు మోసింది.

ఇలా కడిగినా బిరుసు తగ్గకపోతే నీళ్లను అనుమానించండి. సబ్బు నురగ రాని ఉప్పునీళ్లలోని (కఠిన జలంలోని) కాల్షియం, మెగ్నీషియం కూడా వెంట్రుక మీద పేరుకుని ఇలాగే గరగరలాడిస్తాయి. దానికి ఆ ఖనిజాలను పట్టి వదిలించే కీలేటింగ్ షాంపూ వేరే ఉంటుంది.

జుట్టులో తేమ, ప్రోటీన్ సమానంగా ఉండాలని రెండిటినీ తక్కెడలో పెట్టినట్టు తూకం వేయడం కూడా నాకు సరైన పద్ధతి అనిపించదు. జుట్టు మెత్తగా తగిలేది నీళ్లు ఎక్కువై కాదు, కండిషనర్‌లోని పదార్థాలు పొలుసుల మీద పరుచుకోవడం వల్ల. నీళ్లు పీల్చి ఉబ్బిన వెంట్రుక నిజానికి ఇంకా బలహీనంగా ఉంటుంది.

అపోహ: గ్లాసు నీళ్లలో వెంట్రుక వేస్తే ప్రోటీన్ కావాలో వద్దో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. వెంట్రుక తేలడం, మునగడం నీటి తలతన్యత మీద, దానికి అంటిన నూనె, కండిషనర్ మీద ఆధారపడతాయి. ఒకే తల నుంచి తీసిన మూడు వెంట్రుకలు మూడు రకాలుగా చేయొచ్చు.

తడి వెంట్రుకను సాగదీసి చూడటం కొంత మేలు, కానీ తొందరపడి తీర్పు చెప్పకండి. తడిసినప్పుడు లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి కాబట్టి ఆరోగ్యంగా ఉన్న వెంట్రుక కూడా బాగానే సాగి, వెనక్కి వస్తుంది. పట్టించుకోవాల్సింది రబ్బరులా సాగి, జిగటగా మారి, వెనక్కి రాకుండా తెగిపోయేదాన్ని. బ్లీచ్ ఎక్కువైన జుట్టులో ఇది చూస్తాను. అక్కడ తెగినవి వెంట్రుకకు గట్టిదనాన్నిచ్చే డైసల్ఫైడ్ బంధాలు. ప్రోటీన్ మాస్క్ వాటిని అతికించలేదు, ఆ జుట్టును కత్తిరించే రోజు దాకా కాపాడుతుంది, అంతే.

అపోహ: కోడిగుడ్డు అన్నిటికన్నా మంచి ప్రోటీన్ ప్యాక్.

వాస్తవం: గుడ్డు తెల్లసొనలోని ముఖ్యమైన ప్రోటీన్ అణుభారం సుమారు 45,000 డాల్టన్లు, అంటే చాలా పెద్ద అణువు. విడగొట్టకుండా అది వెంట్రుక లోపలికి వెళ్లదు. గుడ్డు పెట్టాక మెత్తగా అనిపిస్తే ఆ గొప్ప పచ్చసొనలోని కొవ్వుది. వేడినీళ్లతో కడిగితే అది తలలోనే ఉడికి, తునకలు ఏరుకోవాల్సి వస్తుంది.

కొబ్బరినూనెలో ప్రోటీన్ ఉండదు. అయినా అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు జుట్టు తన సొంత ప్రోటీన్ పోగొట్టుకోవడాన్ని తగ్గిస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అదే పరిశోధనలో పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. తలస్నానానికి ముందు కొసలకు కొంచెం రాసుకుంటే చాలు.

అపోహ: సెలూన్లో చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ అంటే జుట్టుకు ప్రోటీన్ పెట్టడమే.

వాస్తవం: దీని గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. పేరులో కెరాటిన్ ఉంది, పని మాత్రం జుట్టు సాపు చేయడం. పాత పద్ధతిలో ఆ పని చేసేది ఫార్మాల్డిహైడ్. మందు రాసి, 230 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిన ఇస్త్రీతో నొక్కుతారు, ఆ పొగ మీరూ పీలుస్తారు, చేసే మనిషీ పీలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో చేర్చింది. సీసా మీద మిథిలీన్ గ్లైకాల్ అని ఉన్నా అర్థం అదే, వేడి తగిలితే ఫార్మాల్డిహైడే బయటికి వస్తుంది. దానికి బదులు వచ్చిన గ్లైఆక్సిలిక్ యాసిడ్ వాడాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి.

రింగులు బాగుపడతాయని నమ్మి ఇది చేయించుకుని, ఆరు నెలల తర్వాత కుదురు దగ్గర రింగులు, కింద నిటారు జుట్టుతో వచ్చినవాళ్లను చూశాను. వాళ్లకు నేను ఇవ్వగలిగింది కత్తెర, ఓపిక మాత్రమే. చేయించుకునే ముందు "నా రింగులు ఉంటాయా, పోతాయా?" అని సూటిగా అడగండి.

అపోహ: పదార్థాల జాబితాలో ప్రోటీన్ అని కనిపిస్తే చాలు, అది ప్రోటీన్ ట్రీట్‌మెంటే.

వాస్తవం: జాబితాలో ఎక్కువ మోతాదువి ముందు వస్తాయి. 1 శాతం కన్నా తక్కువున్నవి ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఫీనాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌కు యూరప్ నిబంధనల్లో పరిమితి 1 శాతం. ప్రోటీన్ పేరు దాని తర్వాత వస్తే అది బహుశా చాలా కొంచెమే ఉందని అర్థం. మొదటి ఐదారు పేర్లలో ఉంటే మాత్రం రోజువారీ వాడకానికి కాదు.

వీగన్ కెరాటిన్ అని రాసిన వాటిలో కెరాటిన్ ఉండదు. మొక్కల్లో కెరాటిన్ లేదు. అది గోధుమ, సోయా లాంటి ప్రోటీన్ల మిశ్రమం. గోధుమ అలర్జీ ఉన్నవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జపాన్‌లో హైడ్రోలైజ్డ్ గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి 2,000 మందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు. ఆ సబ్బులో వాడినవి పెద్ద ముక్కలు. ఆ తర్వాత యూరప్‌లో ముక్కల సైజుకు పరిమితి పెట్టారు.

అపోహ: జుట్టు రాలుతుంటే ప్రోటీన్ మాస్క్ ఆపుతుంది.

వాస్తవం: మధ్యలో విరగడం వేరు, కుదురుతో ఊడటం వేరు. రాలిన వెంట్రుక చివర చిన్న తెల్లటి గుండు కనిపిస్తే అది కుదురు నుంచి వచ్చింది. అక్కడ మాస్క్ పని లేదు, తిండి, ఒంటి ఆరోగ్యం చూసుకోవాలి. పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు సుమారు 0.8 గ్రాముల ప్రోటీన్ కావాలి. డైటింగ్ పేరుతో కడుపు మాడ్చుకున్నా, పెద్ద జ్వరం వచ్చినా, కాన్పు అయినా జుట్టు రాలడం రెండు మూడు నెలలు ఆలస్యంగా మొదలవుతుంది. అందుకే చాలామంది అసలు కారణం మర్చిపోయి కొత్త షాంపూను తిడతారు. అలాంటప్పుడు మూడు నెలల కిందట ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి, డాక్టర్‌కు అదే మొదట చెప్పండి.