హోల్స్ కలిస్తే వీల్ సరిపోయినట్టేనా? అలాయ్స్, టైర్ సైజులపై అపోహలు – వాస్తవాలు

సంక్రాంతి ముందు ఒకసారి, మాఘమాసం పెళ్ళిళ్ళ ముందు ఇంకోసారి మా అలైన్‌మెంట్ షాపుకి ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నయ్యా, మన స్విఫ్ట్‌కి పదహారు ఇంచీల అలాయ్స్ పడతాయా?" పడతాయంటే ఆనందం. ఆగమంటే మాత్రం "మా ఊళ్ళో ఫలానా వాడు వేశాడు కదా" అని దీర్ఘం. వేశాడు, నిజమే. ఆ ఫలానా బండే ఇంకో నెలకి స్టీరింగ్ వణుకుతోందని మా దగ్గరికి వస్తుంది. ఆయ్, అలాంటి బండ్లు చూసీ చూసీ ఇది రాస్తున్నాను.

అలాయ్స్, అంటే స్టీల్ డిస్కులకి బదులు వేసే అల్యూమినియం మిశ్రమ లోహపు వీల్స్, మార్చుకోవడం తప్పని అనను, అనలేను కూడా, మా వ్యాపారమే అది. ఇంచీలు ఒక్కటి తెలిస్తే సైజు తెలిసినట్టే అనుకోవడంతోనే పేచీ.

అపోహ: బోల్టు హోల్స్ కలిశాయంటే వీల్ సరిపోయినట్టే

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. సెకండ్ హ్యాండ్ అలాయ్స్ కొనేవాళ్ళది మరీను. వాట్సాప్‌లో ఫోటో వస్తుంది, నాలుగు హోల్స్ కనిపిస్తాయి, మన బండికీ నాలుగే, ఫోన్‌పే కొట్టేస్తారు.

ముందు పీసీడీ సంగతి, అంటే బోల్టు హోల్స్ అన్నిటి మధ్య నుంచీ పోయే వృత్తం వ్యాసం. స్విఫ్ట్, బాలెనో, ఐ20, హోండా సిటీ, ఇవన్నీ నాలుగు బోల్టులు, 100 ఎంఎం. ఫియట్ లీనియాకీ నాలుగే, కానీ 98. ఆ రెండు మిల్లీమీటర్లు కంటికి ఆనవు. 98 అలాయ్‌ని స్విఫ్ట్‌కి పెడితే కాస్త మొండికేసినా నట్లు ఎక్కేస్తాయి. బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. నిజానికి నట్టు దాని సీటులో ఒక పక్కే ఆనుతుంది. బండి నడిచేకొద్దీ అది వదులవుతుంది. ఇలాంటిది కనపడితే నేను బ్యాలెన్సింగ్ కూడా చేయను, విప్పేసి పాత డిస్కులు వేసి పంపిస్తాను. తిట్టుకుంటే తిట్టుకోనీ.

పీసీడీ నిజంగానే కలిసిందనుకుందాం. అప్పటికీ పని అయిపోలేదు. సెంటర్ బోర్ (వీల్ మధ్య రంధ్రం) చూడాలి, ఆఫ్‌సెట్ చూడాలి, నట్టు చూడాలి, రిమ్ము వెడల్పు చూడాలి.

ఆ మధ్య పాలకొల్లు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కొత్త పెళ్ళికొడుకు. హైదరాబాద్ నుంచి వాడేసిన పదిహేను ఇంచీల అలాయ్స్ తెప్పించి స్విఫ్ట్‌కి వేయించాడు. ఎనభై దాటితే స్టీరింగ్ గజగజ. వెళ్ళిన ప్రతి షాపులోనూ బ్యాలెన్సింగ్ చేశారు, డబ్బు తీసుకున్నారు, వణుకు మాత్రం అలాగే ఉంది. చివరికి మామగారిని ఎక్కించుకుని చించినాడ వంతెన మీద వస్తుంటే ఆయన "ఏమండీ అల్లుడుగారూ, బండి ఏమన్నా పాతదా?" అన్నారట. కుర్రాడి మొహం చూస్తే జాలేసింది. వీల్ మధ్య క్యాప్ పీకాను. స్విఫ్ట్ హబ్ (బండి వైపు వీల్ బిగించే భాగం) మధ్యలో ఉండే బొడిపె 54.1 ఎంఎం. ఆ అలాయ్ రంధ్రం 73.1. అంటే చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ. జేబులో పెన్ను తీసి ఆ సందులో దూర్చి చూపించాను. "ఇంత ఖాళీనా అన్నయ్యా!" అని అలా చూస్తుండిపోయాడు.

బయట తయారయ్యే అలాయ్స్ చాలావాటికి బోర్ కావాలనే పెద్దగా పెడతారు, పది రకాల బండ్లకి అమ్ముకోవాలి కదా. అందులో దాపరికమేమీ లేదు. ఆ ఖాళీ నింపడానికి హబ్ రింగులుంటాయి. బయట కొలత 73.1, లోపల 54.1. రింగు బరువు మోయదు, మోసేది నట్ల బిగింపే. బిగించేటప్పుడు వీల్‌ని నడిమధ్యకి తేవడమే రింగు పని. అలాయ్స్‌కి వేలు పోసినవాడికి ఈ రింగుల ఖర్చు లెక్కలోది కాదు. కుర్రాడి బండికి రింగులు వేసి, బండి జాకీ మీద ఉండగానే నట్లు ఎదురెదురుగా బిగించాం. వణుకు పోయింది. అన్ని షాపుల్లో బ్యాలెన్సింగ్ చేసినవాళ్ళలో ఒక్కరూ ఆ క్యాప్ పీకి చూడలేదంటే మా ట్రేడ్ మీద నాకే కోపం వస్తుంది.

ఇక ఆఫ్‌సెట్. అలాయ్ వెనకవైపు ఈటీ అని ఒక అంకె పోత పోసి ఉంటుంది. వీల్ వెడల్పుకి మధ్య గీత నుంచి, హబ్‌కి ఆనే మొహం ఎంత దూరంలో ఉందో అది చెప్తుంది. ఈటీ తగ్గితే వీల్ బయటికొస్తుంది, పెరిగితే లోపలికెళ్తుంది. ఉదాహరణకి ఫ్యాక్టరీ వీల్ 5.5 జే (అంటే రిమ్ము వెడల్పు 5.5 ఇంచీలు), ఈటీ 50 అనుకోండి. మీరు తెచ్చింది 7 జే, ఈటీ 35. లెక్క కడితే బయటి అంచు 34 ఎంఎం బయటికి వస్తుంది, లోపలి అంచు 4 ఎంఎం లోపలికి జరుగుతుంది. చూడ్డానికి బండి కాళ్ళు చాపుకుని నిలబడినట్టు దర్జాగా ఉంటుంది. కానీ బరువు పడే చోటు హబ్ బేరింగుకి దూరం జరిగింది. గుంటలో పడినప్పుడల్లా స్టీరింగ్ చేతిని లాగుతుంది. కొన్నాళ్ళకి బేరింగు హోరు మొదలవుతుంది. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో కొబ్బరికాయల బస్తా పడిందా, టైరు మడ్‌గార్డ్ అంచుని గీరుతుంది. ఖాళీ బండిని షాపు ముందు నిలబెట్టి "తగలట్లేదు కదా" అంటే చాలదు. నలుగురిని ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి.

ఈటీ మరీ ఎక్కువైతే టైరు లోపల షాకబ్జార్బర్‌కి తగులుతుంది. దానికి స్పేసర్లు, అంటే హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టే బిళ్ళలు, అంటగడతారు. స్పేసర్ ఎంత మందమో స్టడ్ (నట్టు ఎక్కే మర బోల్టు) మీద నట్టుకి అన్ని థ్రెడ్లు తక్కువ దొరుకుతాయి. పొడవాటి స్టడ్లు మార్చకుండా స్పేసర్ వేశాడంటే ఆ షాపు నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

నట్లకీ లెక్కుంది. మారుతి స్టడ్ 12 ఎంఎం, థ్రెడ్ పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 1.25. హ్యుందాయ్, హోండా, టయోటాలది 12 ఎంఎమ్మే, పిచ్ 1.5. ఒకదాని నట్టు ఇంకోదానికి గన్నుతో దిగ్గొడితే స్టడ్ థ్రెడ్ పోతుంది. ఇన్నోవా కంపెనీ అలాయ్ నట్లకి కింద బల్లపరుపు వాషర్ ఉంటుంది. బయటి అలాయ్స్‌కి ఎక్కువగా కోను ఆకారపు సీటు ఉంటుంది. పాత నట్లతోనే కొత్త అలాయ్స్ బిగిస్తే బిగింపు నిలవదు. నట్లు కూడా కొత్తవి తీసుకోవాల్సిందే.

అపోహ: రిమ్ము ఎంత పెద్దదైతే బండికి అంత మంచిది

టైరు మొత్తం ఎత్తు మారకూడదు. ఇది పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. 165/80 ఆర్14 అని ఉంటే 165 టైరు వెడల్పు ఎంఎంలో, 80 ప్రొఫైల్, అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు వెడల్పులో ఎంత శాతమో అది, 14 రిమ్ము ఇంచీలు. వెడల్పుని ప్రొఫైల్ శాతంతో గుణించి, రెండింతలు చేసి, ఇంచీలని 25.4తో గుణించి కలపండి. స్విఫ్ట్‌నే తీసుకోండి. కింది వేరియంట్లకి వచ్చిన 165/80 ఆర్14 ఎత్తు 619.6 ఎంఎం. పై వేరియంట్ 185/65 ఆర్15 ఎత్తు 621.5. పదహారుకి 195/55 వేస్తే 620.9. మూడూ దాదాపు ఒకటే, అందుకే స్పీడోమీటర్‌కి తేడా తెలియదు. అదే పదిహేనులో 205/65 వేశారనుకోండి, 647.5 అవుతుంది, నాలుగు శాతం పైమాట. మీటర్ ఎనభై చూపిస్తుంటే బండి ఎనభై మూడు మీద ఉంటుంది. కిలోమీటర్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి మైలేజీ పడిపోయిందని కంగారు. పైగా స్టీల్ డిస్కు 5 జే అయితే దానికి 205 టైరు ఎక్కించనే కూడదు, ఆ టైరుకి కనీసం 5.5 కావాలి. టైరు ఎత్తులో మూడు శాతం తేడా దాకా ఫర్వాలేదని అందరూ అంటారు. ఇంటి బండికి నేను రెండు దాటనివ్వను.

సరే, ఎత్తు కలిసింది కాబట్టి పదహారు వేసేయొచ్చా? ఇంకో లెక్క చూడండి. 165/80లో సైడ్‌వాల్ 132 ఎంఎం. 195/55లో 107. అలాయ్ పెరిగిన మేరకి రబ్బరు తగ్గింది. మరి మన రోడ్ల సంగతి? కాలవ గట్టు రోడ్డు మీద ఎదురుగా బస్సొస్తే ఎడమ చక్రాలు తారు దిగాల్సిందే. దమ్ముల కాలంలో ఇనుప చక్రాల ట్రాక్టర్లు తారు మీద ఎక్కితే గాట్లే గాట్లు. బస్సు దాటాక మళ్ళీ రోడ్డెక్కేటప్పుడు ఆ తెగిన తారు అంచు సైడ్‌వాల్‌ని, రిమ్ముని కలిపి నొక్కేస్తుంది. మా దగ్గరికి వచ్చే వంగిన అలాయ్స్‌లో, పక్కన బుడగ లేచిన టైర్లలో ఎక్కువ ఎడమ వైపువే. ఆ బుడగ అంటే లోపల దారాలు తెగిపోయాయని. దానికి ప్యాచ్ లేదు, మందు లేదు, టైరు మార్చడమే. సైడ్‌వాల్ ఇంకాస్త ఎత్తుగా ఉండి ఉంటే చాలాసార్లు ఆ దెబ్బ టైరే మింగేసేది. హైవే మీదే తిరిగేవాడికి పదహారు సరే. రోజూ రాజోలు, మలికిపురం లోపలి ఊళ్ళు తిరిగేవాడు కంపెనీ పై వేరియంట్ సైజు దగ్గర ఆగడం మంచిది.

లోడ్ ఇండెక్స్ ఎవరూ చూడరు. సైజు పక్కన ఉండే 85, 87, 88 అంకె అదే. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు, 87 అంటే 545, 88 అంటే 560. పదిహేను ఇంచీల 185/65కి సాధారణంగా 88 ఉంటుంది, పదహారు ఇంచీల 195/55కి 87. చూశారా, రిమ్ము పెద్దదై మోసే బరువు తగ్గింది. తేడా చిన్నదే, కానీ మీ బండికి కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది ఎప్పుడూ వేయకండి. ముఖ్యంగా పండక్కి అయిదుగురు కూర్చుని పిండివంటల డబ్బాలతో ఊళ్ళు తిరిగే బండికి.

మిగతావి గబగబా

వెడల్పు టైరు వానలో బాగా పట్టుకుంటుందా? పొడి రోడ్డు మీద కొంత నిజం. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద అదే టైరు తొందరగా నీటి మీద తేలుతుంది. వానాకాలంలో 216 హైవే మీద స్పీడు తగ్గించడమే గ్రిప్పు.

పెద్ద టైరుతో గ్రౌండ్ క్లియరెన్స్ బాగా పెరుగుతుందా? ఎత్తులో పెరిగినదాంట్లో సగమే పెరుగుతుంది. పైన చెప్పిన 205/65తో వచ్చేది 13 ఎంఎం.

నైట్రోజన్ వేస్తే టైరు పేలదా? మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నెలకోసారి గాలి చూసుకోండి చాలు.

టైరు పక్కన రాసిన ప్రెషర్ ఎంతుంటే అంత కొట్టాలా? వద్దు. అది ఆ టైరు ఓర్చుకునే గరిష్ఠం. మీ బండికి ఎంతో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది.

రెండే కొత్త టైర్లు కొంటే ముందుకి వేయాలా? వెనక్కి వేయాలి. ముందు జారితే బ్రేకు వదిలి సర్దుకోవచ్చు, వెనక జారితే బండి తిరిగిపోతుంది. దీని మీద మా షాపులో రోజూ వాదనే.

కొత్త టైరంటే కొత్తదేనా? టైరు పక్కన ఉండే నాలుగంకెల తయారీ కోడ్ చూడండి. 2323 అంటే 2023లో 23వ వారం.

అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్ళకి, రొయ్యల చెరువుల మీద తిరిగేవాళ్ళకి ఇంకో మాట. రెండు రోజులకోసారి గాలి దిగిపోతుంటే వాల్వు మార్చారు, టైరు మార్చారు, అయినా దిగుతోంది. ఉప్పు గాలికి అలాయ్ లోపలి అంచు, టైరు కూర్చునే చోటు తెల్లగా పొడిపొడిగా తినేసి ఉంటుంది. పంక్చరే ఉండదు. టైరు విప్పి, ఆ అంచు వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, సీలర్ రాసి ఎక్కిస్తే ఆగిపోతుంది. చవక రకం పూత అలాయ్స్‌కి ఇది తొందరగా వస్తుంది.

చట్టం సంగతి అడుగుతారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించినదాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే మోడల్ పై వేరియంట్ సైజు వేస్తే అది కంపెనీ ఇచ్చిన సైజే అని మీరు చెప్పుకోవచ్చు. మడ్‌గార్డ్ బయటికి పొడుచుకొచ్చిన టైర్లకి మాత్రం ఏ సమాధానమూ ఉండదు.

"ఇప్పటికే వేయించేశాం, ఇప్పుడెలా?"

భయపడి రాత్రికి రాత్రి అమ్మేయక్కర్లేదు. చాలా బండ్లకి చిన్న సర్దుబాటు సరిపోతుంది. మధ్య క్యాప్ తీయించి బోర్ ఖాళీ, రింగు చూడండి. వీల్ విప్పించి వెనక ఉన్న జే, ఈటీ, పీసీడీ అంకెలు ఫోన్లో ఫోటో తీసుకోండి. నట్లు వీల్ సీటుకి సరిపడా ఉన్నాయో లేదో అక్కడికక్కడే అడగండి. బండి నిండా మనుషుల్ని ఎక్కించి ఒకసారి గట్టు రోడ్డెక్కి రండి, గీరిన చప్పుడొస్తే మడ్‌గార్డ్ లోపల మెరిసే గీత కనిపిస్తుంది. వీల్ ఎప్పుడు విప్పి బిగించినా యాభై, వంద కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్ళీ బిగింపు చూడాలి, ఏ మంచి షాపైనా దానికి డబ్బు తీసుకోదు.

పీసీడీ తేడా, లేదా పొడవు స్టడ్లు లేని స్పేసర్, ఈ రెండింటిలో ఏది ఉన్నా మాత్రం ఆ రోజే విప్పించేయండి. అందుకే అలాయ్స్ వేయించుకున్న రోజున పాత డిస్కుల్ని పాత సామాను వాడికి ఇచ్చేయకండి. వాటి నట్లు కూడా ఒక సంచిలో కట్టి వాటితోనే పెట్టుకోండి.