అంగారకుడి మీద కాలువలు తవ్విన కన్ను

గ్రహాంతరవాసులు సినిమాల్లోకి ఎలా వచ్చారని ఒక పాఠకుడు అడిగారు. వెంటనే నాకు 1913 నాటి బ్రిటిష్ మూకీ 'ఎ మెసేజ్ ఫ్రమ్ మార్స్' గుర్తొచ్చింది. దీనికి మూలం రిచర్డ్ గాంథొనీ నాటకం. 1899లో లండన్‌లో ఆడింది. రంగస్థలం మీద హొరేస్ పార్కర్ వేషం కట్టిన చార్లెస్ హాట్రీయే తెరమీదా కట్టాడు. తప్పు చేసిన రామియెల్ అనే అంగారకవాసికి ఒక శిక్ష పడుతుంది: భూమికి వెళ్లి ఒక స్వార్థపరుణ్ణి మార్చాలి. ఆ స్వార్థపరుడే హొరేస్.

ఈ పని ఏ దేవదూతైనా చేస్తాడు కదా, అంగారకుడి నుంచే ఎందుకు రావాలి? అప్పట్లో అక్కడ జనం ఉన్నారన్నది పుకారు కాదు, శాస్త్ర వార్త. 1877లో ఇటలీ ఖగోళవేత్త స్కియపరెల్లి ఆ గ్రహం మీద సన్నని గీతలు చూశాడు. 1894 నుంచి అరిజోనాలో సొంత వేధశాల కట్టుకుని చూసిన పెర్సివల్ లోవెల్ అవి కాలువలే అన్నాడు. ఎండిపోతున్న గ్రహానికి ధ్రువాల మంచు నీళ్లు పారించడానికి తవ్వుకున్నారట! 1900లో ఫ్రాన్స్‌లో మరో గోళంతో సంభాషించినవాళ్లకి లక్ష ఫ్రాంకుల బహుమతి ప్రకటిస్తూ అంగారకుణ్ణి మినహాయించారు. అది మరీ సులువని! గ్రహమంతా కలిసి కాలువలు తవ్వుకున్నవాళ్లకి తగవులుండవు, స్వార్థముండదు. హొరేస్‌కి బుద్ధి చెప్పే అర్హత వాళ్లకి ఆ కాలువల వల్లే వచ్చిందని నా నమ్మకం.

ఇక ఆ గీతల సంగతి. ఎంత దగ్గరికొచ్చినా అంగారకుడి బింబం వెడల్పు సుమారు 25 కోణీయ సెకన్లే (డిగ్రీలో 3600వ వంతు ఒక కోణీయ సెకను). మన గాలి కదలికల వల్ల మామూలుగా ఒక సెకను కంటే చిన్న వివరాలు అలుక్కుపోతాయి. అంటే 6,780 కిలోమీటర్ల గోళం అడ్డంగా 25 ముక్కలు, ముక్కకి 270 కిలోమీటర్లు. అంతకంటే సన్నని కాలువ కనిపించదా? కనిపించవచ్చు! దూరాన ఆకాశం మీద కరెంటు తీగ కనిపించడం లేదూ? పొడవైన గీతని కన్ను తన హద్దు దాటి కూడా పట్టుకుంటుంది. లోవెల్ వాదన బలం అదే.

తిరకాసూ అక్కడే ఉంది. వాకిట్లో చుక్కల ముగ్గు ఊహించండి, ఇంకా గీతలు కలపలేదు. దగ్గర నిలబడితే చుక్కలు లెక్కపెట్టవచ్చు. మేడ ఎక్కితే వరసలు గీతలవుతాయి. ఇంకా దూరం పోతే ఏమీ లేదు. చుక్కల్ని కలిపింది ముగ్గు పిండి కాదు, మెదడు. దృష్టికి సంబంధించిన మెదడు భాగంలో ఒక్కో నాడీకణం ఒక్కో వాలులో ఉన్న అంచుకే స్పందిస్తుంది. ఒకే వాలులో దగ్గరదగ్గరగా పడ్డ మరకలూ ఆ కణాన్నే తట్టి లేపుతాయి. మెదడుకి అందే కబురు ఒకటే: గీత.

ఈ కణాల సంగతి తెలియక ముందే, 1903లో, ఖగోళవేత్త మాండర్, బడి మాస్టారు ఇవాన్స్ కలిసి ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్‌లో బడిపిల్లలకి పరీక్ష పెట్టారు. కాలువలు లేని అంగారకుడి బొమ్మ తగిలించి, రకరకాల దూరాల్లో కూర్చోబెట్టి, చూసింది గీయమన్నారు. ముందువాళ్లు విడి మచ్చలు గీశారు, బాగా వెనకవాళ్లకి అవేవీ కనిపించలేదు. మధ్యవాళ్లు కాలువలు గీశారు! ఫ్రాన్స్‌లో ఖగోళవేత్త ఫ్లమారియన్ ఇదే చేస్తే పిల్లలు గీతలు గీయలేదు, కాబట్టి వాదన ఆగలేదు. 1909లో పారిస్ దగ్గర మ్యుడాన్‌లో 83 సెంటీమీటర్ల కటకమున్న దూరదర్శినితో ఖగోళవేత్త ఆంటోనియాది చూస్తే గీతలు విడిపోయి మచ్చలయ్యాయి. అయినా నాలుగేళ్ల తర్వాత కూడా రామియెల్ తెరమీదికొచ్చాడు. 1965లో మారినర్-4 అంతరిక్ష నౌక పంపిన ఫొటోల్లో కాలువలు లేవు, ఉల్కలు పడ్డ గుంటలున్నాయి.

అదే అంగారకుణ్ణి కుజుడని పిలిచి, దోషమని పెళ్లిళ్లు ఆపుతున్నాం. లోవెల్ పొరపాటుని కొలిచి చూసి సరిదిద్దారు. కుజదోషాన్ని కొలవడానికి పంచాంగంలో ఏముంది?

మాస్టార్లకి ఒక మనవి. మాండర్ పరీక్షకి ఒక చార్టు, నల్ల స్కెచ్ పెన్ను చాలు. వలయంలో సన్నని చుక్కలు వంకరటింకర వరసల్లో పెట్టి గోడకి తగిలించండి. పిల్లల్ని ఒకరి కాగితం ఒకరు చూడకుండా గీయమనండి. ఎవరు ఎంత దూరంలో కూర్చున్నారో కాగితం మీద రాయించడం మాత్రం మరవకండి. అసలు ఫలితం అందులోనే ఉంటుంది.