వేటకు ముందు గుడారానికి నీళ్ల పరీక్ష, నిప్పు పరీక్ష

పెద్ద కాన్వాస్ గుడారం కొన్నాక చాలామంది దాన్ని ఒకసారి నిలబెట్టి, కర్రలూ తాళ్లూ మేకులూ సరిపోయాయని చూసుకుని మడతపెట్టేస్తారు. అది సామాన్లు లెక్కపెట్టుకోవడమే. నీళ్లు పడి, లోపల పొయ్యి రాత్రంతా మండితే గానీ అసలు లోపాలు బయటపడవు.

కొత్త నూలు కాన్వాస్‌ను బాగా తడిపితే మొదటిసారి కుట్ల వెంట చుక్కలు కారతాయి. కంగారు అక్కర్లేదు. నూలు పోగు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, సూది చేసిన రంధ్రాలను మూసేస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ తడపండి, కారడం చాలావరకు తగ్గిపోతుంది. పాలిస్టర్ నీళ్లు పీల్చదు, అందుకే దానికి ఈ సుగుణం లేదు. కానీ నూలును తడిగా మడతపెడితే బూజు పట్టి గుడ్డ కుళ్లిపోతుంది.

ఇక పొయ్యి. మొదటిసారి వేడెక్కినప్పుడు దాని రంగు ఘాటైన పొగ వదులుతుంది కాబట్టి ఆ మంట ఆరుబయటే కానివ్వండి. తర్వాత లోపల పెట్టి చూడాల్సింది పొగగొట్టం లాగుడు. గొట్టంలో వాయువు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే దాని సాంద్రత బయటి గాలిలో దాదాపు సగమే. తేలికగా ఉంది కాబట్టి పైకి పోతుంది, దాని వెనకే పొయ్యిలోకి కొత్త గాలి వస్తుంది. గొట్టం చల్లగా ఉంటే ఈ లాగుడే ఉండదు, పొగ పొయ్యి తలుపులోంచి మన మొహం మీదికే వస్తుంది. అందుకే ముందు పొయ్యిలో గొట్టం మొదలయ్యే చోట కాస్త కాగితం మండించి దాన్ని వేడెక్కించాలి. గొట్టం చివర గుడారం కప్పు కన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే కప్పు మీదుగా దిగే గాలి పొగను వెనక్కి తోస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది నిద్రపోయే ముందు గాలి బాగా తగ్గించి నిప్పులు నివురుగప్పేలా చేసే అలవాటు. ఆక్సిజన్ చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ పుడుతుంది, పైగా గొట్టం చల్లబడి లాగుడు కూడా తగ్గుతుంది. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బరువు దాదాపు గాలంతే, కాబట్టి నేల మీద పడుకున్నా మంచం మీద పడుకున్నా ఒకటే ప్రమాదం. పైన ఒకటి, కింద ఒకటి గాలి దారులు తెరిచి ఉంచండి, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం తలాపున పెట్టుకోండి, బ్యాటరీ ఆ రాత్రే పరీక్షించండి.

తెల్లారాక లోపల నిలబడి కప్పు వైపు చూడండి. సూది మొనంత వెలుగు చుక్కలు కనిపిస్తే అవి నిప్పురవ్వలు కాల్చిన రంధ్రాలు. గొట్టం చివర జాలీ బిగించాలి, అయితే ఆ జాలీకి మసి పట్టి పొగకు దారి మూసుకుపోతుంది, దులపడానికి ఓ బ్రష్ కూడా సామాన్లలో వేసుకోండి.