గాలి తక్కువైందా, డీజిల్ తక్కువైందా?

మా కోనసీమలో ఉండేవాళ్ళకి ఒక చిక్కుంది. బండికి జబ్బు చేసినా తొందరగా తెలీదు. ఎటు చూసినా చాప పరిచినట్టుండే నేల, ఊరికీ ఊరికీ మధ్య కాలవ గట్టు రోడ్డు, నలభై దాటిస్తే ఎదురుగా ట్రాక్టరో గేదో వస్తుంది, ఇంక ఇంజన్‌కి తన బలమంతా బయటికి తీయాల్సిన అవసరం ఎక్కడ పడుతుంది? మాకు ఎత్తు అంటే బ్రిడ్జి ఎక్కడమే.

మా పాత టర్బో డీజిల్ కారు విషయంలోనూ అదే జరిగింది. 2010 మోడల్, ఒకటిన్నర లీటర్ల ఇంజన్. రాజోలు చుట్టుపక్కల తిరిగినన్నాళ్ళూ బాగానే నడిచింది. మే నెలలో పాలకొల్లు వెళుతూ గోదావరి మీద చించినాడ బ్రిడ్జి ఎక్కుతుంటే ముందు కొబ్బరికాయల లారీ ఒకటి మూలుగుతూ పోతోంది, మూడో గేరులో దాన్ని దాటేద్దామని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. రెండు సెకన్లు లాగింది, ఆ తరవాత ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు అయిపోయింది. "ఏవండీ, వెనకాలంతా నల్లటి పొగండీ" అంది మా ఆవిడ. ఏసీ కట్టేసి, అద్దాలు దించుకుని, ఆ లారీ వెనకాలే బుద్ధిగా దిగాం. అవతల ఒడ్డున ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు మామూలుగా నడిచింది.

ఆ ఏమీ ఎరగనట్టు నడవడమే మంచి ఆనవాలు. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ తను అడిగినంత గాలి ఒత్తిడి రాకపోతే ఒకటి రెండు సెకన్లు చూస్తుంది, అప్పటికీ రాకపోతే ఇంజన్ పాడవకుండా డీజిల్ తగ్గించేసి బండిని నెమ్మదిగా ఇంటికి చేరేంత బలంతోనే నడుపుతుంది. దీన్ని లింప్ మోడ్ అంటారు. చాలా బళ్ళలో తాళం తిప్పి ఆపేస్తే ఆ కోపం పోతుంది, కారణం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

టౌన్లో ఒక గ్యారేజీలో చూపిస్తే బానెట్ ఎత్తీ ఎత్తకుండానే "టర్బో పోయిందండి, మార్చేయాలి, 60 వేలవుద్ది" అన్నారు. పికప్ పోయిన ప్రతి బండిలోనూ మొదటి నింద టర్బో మీదే పడుతుంది, ఖరీదైన సామాను కాబట్టి అనుమానం కూడా ఖరీదుగానే ఉంటుంది. నిజానికి ఆయిల్ సరిగ్గా మారుస్తుంటే అది అంత తొందరగా పోయే సరుకు కాదు. ఎక్కువసార్లు తప్పు దాని చుట్టూ ఉన్న రబ్బరు గొట్టాలదో, దాన్ని అదుపు చేసే వాటిదో అయి ఉంటుంది.

అసలు టర్బో చేసే పనేంటో మా వైపు వాళ్ళకి చెప్పడం తేలిక. రొయ్యల చెరువు చూడండి. మేత ఎంతైనా చల్లొచ్చు, నీళ్ళలో ఆక్సిజన్ లేకపోతే రొయ్య తినదు, ఆ మేతంతా అడుక్కి చేరి నల్లగా కుళ్ళుతుంది. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పితే అదే చెరువులో ఎక్కువ పిల్ల వేసుకోవచ్చు, ఎక్కువ మేత పెట్టుకోవచ్చు. ఇంజన్లో మేత డీజిల్, ఏరేటర్ టర్బో. ఒక గ్రాము డీజిల్ పూర్తిగా కాలడానికి దాదాపు 14.5 గ్రాముల గాలి కావాలి, కాబట్టి బలం పెంచాలంటే ముందు పెంచాల్సింది గాలి. అంత గాలి లేకుండా డీజిల్ పోస్తే సగం కాలిన కార్బన్ మసిగా సైలెన్సర్లోంచి బయటికొస్తుంది. చెరువు అడుగున నల్లటి బురద, బండి వెనక నల్లటి పొగ, రెండూ ఒకే లెక్క.

ఆ గాలి ఎంతో ఊహించుకోండి. ఒకటిన్నర లీటర్ల ఇంజన్ నిమిషానికి 2000 తిరుగుతుంటే, రెండు చుట్లకోసారి నిండుతుంది కాబట్టి, సెకనుకు సుమారు 25 లీటర్లు పీలుస్తుంది. మన ఇళ్ళకొచ్చే మినరల్ వాటర్ టిన్ను 20 లీటర్లు, అంటే ప్రతి సెకనూ ఒక టిన్ను కంటే ఎక్కువే. వృథాగా పోయే పొగ వేగంతోనే ఒక చక్రం తిప్పి, దాని ఇరుసుకి రెండో పక్కనున్న చక్రంతో ఈ గాలిని కుక్కి పంపొచ్చని ఆల్ఫ్రెడ్ బ్యూహి అనే స్విస్ ఇంజనీరు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. చిన్న కార్లలో ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, కొన్నిట్లో రెండు లక్షల దాకా పోతుంది. ఊరికే నిలబెట్టి ఇంజన్ నడిపితే అది కుక్కేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే గ్యారేజీ ముందు బండి ఆపి రయ్యి రయ్యిమని రేస్ చేసి "బానే ఉందండి" అంటే నమ్మొద్దు. బరువు పడితేనే ఒత్తిడి పుడుతుంది, ఒత్తిడి పుడితేనే జబ్బు బయటపడుతుంది.

కాబట్టి పికప్ పోయిందనగానే సామాన్లు మార్చడం మొదలెట్టకుండా ఒకే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: తక్కువైంది గాలా, డీజిలా? దానికన్నా ముందు, ఇంజన్ రయ్యిమంటూ తిరుగుతున్నా బండి వేగం అందుకోకపోతే అది క్లచ్ జారడం, ఆ సంగతి వేరు. క్లచ్ బాగుందంటే పొగ చూడాలి. గాలి తక్కువైతే నల్లటి పొగ. డీజిల్ తక్కువైతే పొగ పెద్దగా ఉండదు, బండి నీరసంగా, ఆకలితో ఉన్నట్టు నడుస్తుంది, అలాంటప్పుడు మొదట చూడాల్సింది డీజిల్ ఫిల్టర్. నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది, అప్పుడైతే టర్బోని అనుమానించినా తప్పులేదు. పెట్రోల్ టర్బో ఉన్నవాళ్ళు వీటికి తోడు స్పార్క్ ప్లగ్గులూ కాయిళ్ళూ చూసుకోవాలి, గాలి కుక్కేకొద్దీ నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, ముసలి కాయిలు మామూలుగా బానే ఉండి సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది.

పొగ నల్లది కాబట్టి గాలే అని అనుమానం ఉంది గానీ, అనుమానంతో డబ్బు ఖర్చు పెట్టలేం కదా. స్టీరింగ్ కింద ఉండే సాకెట్లో పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి కొన్నాను. తప్పు కోడ్ పీ0299, టర్బో ఒత్తిడి చాలలేదని అర్థం. చాలామంది ఈ కోడ్ చూసి టర్బో పోయిందనుకుంటారు. కోడ్ చెప్పింది ఒత్తిడి రాలేదని మాత్రమే, ఎందుకు రాలేదో చెప్పలేదు.

అందుకే కోడ్ వదిలేసి అంకెలు చూడాలి. మొదట ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి మానిఫోల్డ్ ప్రెజర్, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలో ఉన్న ఒత్తిడి, చూశాను. అప్పుడది బయట గాలి ఒత్తిడినే చూపించాలి. మనం ఉండేది సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే కాబట్టి సుమారు 100 కిలోపాస్కల్స్ రావాలి, నాకు 101 వచ్చింది. అదే అరకులో అయితే 90 చుట్టుపక్కల చూపిస్తుంది. వాయుగుండం పట్టిన రోజు మనకీ ఒకటో రెండో తగ్గొచ్చు, సెన్సార్ బాగుంటే అది కూడా పట్టేస్తుంది. మొత్తానికి సెన్సార్ అబద్ధం చెప్పట్లేదు.

ఇక పరీక్షకి మళ్ళీ అదే బ్రిడ్జి. తెల్లారగట్ల, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఫోను మా ఆవిడ చేతికిచ్చి, ఏసీ ఆపి, మూడో గేరు, పూర్తి యాక్సిలరేటర్. 2000 ఆర్‌పీఎం దగ్గర కంప్యూటర్ అడుగుతున్న ఒత్తిడి 215, వస్తున్నది 135. డీజిల్ రైల్ ప్రెజర్ (ఇంజన్‌కి డీజిల్ అందించే పైపులో ఒత్తిడి) మాత్రం అడిగినంతా వస్తోంది. అంటే పంపూ ఫిల్టరూ నిర్దోషులు.

ఇప్పుడు ఇంకో అంకె. ఎయిర్ ఫిల్టర్ తరవాత వెంటనే ఒక సెన్సార్ ఉంటుంది, లోపలికెళ్ళే గాలిని గ్రాముల్లో కొలుస్తుంది. 135 ఒత్తిడి దగ్గర మా ఇంజన్ సెకనుకు 30 నుంచి 35 గ్రాములు తాగాలని లెక్క. సెన్సార్ 50 దాటి చూపిస్తోంది. ఇది చూడగానే నాకు మా శివారు చేను గుర్తొచ్చింది. పైన లాకుల దగ్గర గేజి చూసి ఇన్ని క్యూసెక్కులు వదిలామని రాసుకుంటారు, రాసింది నిజమే, కానీ మధ్యలో ఎక్కడో గట్టుకి గండి పడితే శివారుకి చేరేదెంత? పైనేమో నిండు కాలవ, కిందేమో బీటలు. మా బండిలో కూడా కొలిచిన చోటికీ ఇంజన్‌కీ మధ్య గండి ఉంది. కంప్యూటర్ పైన గేజి చూసి, అంత గాలి వచ్చిందనుకుని, దానికి సరిపడా డీజిల్ పోస్తోంది. అందుకే ఆ పొగ. గాలి గ్రాములు కూడా తక్కువే చూపించి ఉంటే కథ వేరేగా ఉండేది, టర్బో సరిగ్గా తిరక్కపోవడమో, కోతల దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో, పొగని తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఉండిపోవడమో చూడాల్సొచ్చేది.

గండి వెతకడానికి మా మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ముందు కంటితో చూశాం, ఏమీ కనపడలేదు. మేస్త్రి వాడిన పరికరమేంటంటే, చెరువుల దగ్గర వాడే పీవీసీ పైపు మూత. దానికి ట్యూబు వాల్వు ఒకటి బిగించి, ఫిల్టర్ వైపు గొట్టానికి తొడిగి క్లాంపు వేసి, ఇంజన్ నుంచి వచ్చే బ్రీదర్ గొట్టం దారి మూసేసి, పక్కనున్న పంక్చర్ షాపు నుంచి గాలి పట్టించాడు. టైర్లకి 32 కొట్టించుకుంటాం, ఇక్కడ 15 దాటనివ్వకూడదు, మూత ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. వాల్వుల సందుల్లోంచి ఇంజన్‌లోకి కొంత గాలి పోతూనే ఉంటుంది, ఆ చప్పుడు లీకు కాదు. తరవాత సబ్బు నీళ్ళు. టర్బో కుక్కిన వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే గొట్టం కింద, చెయ్యి వెళ్ళని వంపులో, బుసబుసా నురగ పొంగింది.

ఆ గొట్టం విప్పి చూస్తే పైకి బాగానే ఉంది. కింది పక్క పలచగా జిడ్డు, దాని మీద దుమ్ము అంటుకుని ఉంది (టర్బో గాలిలో ఎప్పుడూ కాస్త ఆయిల్ ఆవిరి ఉంటుంది, అది బయటపడిన చోటల్లా ఈ జిడ్డు మరక పడుతుంది, వెతికేవాళ్ళకి ఇంతకన్నా మంచి గుర్తు లేదు). మేస్త్రి దాన్ని రెండు చేతులతో వెనక్కి మడిచాడు. చేప నోరు తెరిచినట్టు రెండంగుళాల చీలిక. వదిలేస్తే మళ్ళీ మూసుకుపోయింది. అయిదు సెంటీమీటర్ల వెడల్పు గొట్టానికి టర్బో పూర్తి ఒత్తిడి ఇస్తే, దాన్ని కొసన ఊడబెరకడానికి పనిచేసే బలం 20 కిలోలు దాటుతుంది, ఇంచుమించు పాతిక కిలోల బియ్యం సంచీ వేలాడదీసినట్టు. నిలబడి ఉన్నప్పుడు ఆ చీలిక మూసుకుని ఉంటుంది, బ్రిడ్జి మీద తెరుచుకుంటుంది. ఇలా వదిలేస్తే టర్బోకి కూడా మంచిది కాదు, పోయే గాలిని భర్తీ చేయడానికి అది తిరగాల్సిన దానికంటే వేగంగా తిరుగుతూనే ఉంటుంది.

గొట్టం మార్చాక ఒత్తిడి 190కి వచ్చింది. పొగ తగ్గింది. కానీ 215 రాలేదు, ఆ వారంలో ఒకసారి లింప్ మోడ్‌లోకి కూడా వెళ్ళింది. ఇక్కడే చాలామందికి చిరాకొచ్చి "చెప్పానా, టర్బోనే" అంటారు. పాత బండిలో జబ్బు ఒక్కటే ఉండాలన్న రూలేం లేదు. ఈసారి గాలి గ్రాములు చూస్తే లెక్కకి సరిపోతున్నాయి, ఎక్కడా కారట్లేదు, టర్బోయే కాస్త తక్కువ తోస్తోంది. మా దానిలో పొగని టర్బో చక్రం మీదికి మళ్ళించే రెక్కల్ని కదిపేది వాక్యూమ్‌తో పనిచేసే ఒక డబ్బా, దాని కడ్డీ. మేస్త్రి పశువులకి వాడే పెద్ద సిరంజి ఒకటి తీసుకుని డబ్బాకి తగిలించి లాగాడు. కడ్డీ సాఫీగా కదిలింది, లాగిపట్టినంతసేపూ కదలకుండా నిలిచింది. అంటే డబ్బా బాగుంది, రెక్కలు మసి పట్టి బిగుసుకోలేదు. మిగిలింది ఆ డబ్బాకి వాక్యూమ్ తెచ్చే సన్న రబ్బరు గొట్టం. బ్యాటరీ వెనక చూస్తే ఎలుక కొరికిన గాట్లు. వరి కోతలయ్యాక పొలాల్లో ఎలుకలు ఇళ్ళ మీద పడడం మాకు కొత్త కాదు గానీ, సరిగ్గా ఆ గొట్టం రుచి దానికెలా తెలిసిందో మాత్రం నాకర్థం కాలేదు. మీటరు గొట్టం, కొత్తది వేయడానికి పది నిమిషాలు పట్టింది.

పనిలో పనిగా మేస్త్రి ఇన్‌లెట్ గొట్టం తీసి, ఇంజన్ ఆపి ఉండగా టర్బో చక్రాన్ని వేలితో పట్టుకుని కదిపి చూశాడు. పక్కలకి వెంట్రుకవాసి కదలిక ఉంది, అది ఉండాల్సిందే, ఆయిల్ పొర మీద తేలే ఇరుసు అది. ముందుకీ వెనక్కీ మాత్రం కదలట్లేదు, చక్రం అంచులు ఎక్కడా గోడకి రాసుకోలేదు. "ఇంకో లచ్చ కిలోమీటర్లు తిరగండి, ఆయ్" అన్నాడు.

ఆదివారం మళ్ళీ చించినాడ బ్రిడ్జి. మూడో గేరు, పూర్తి యాక్సిలరేటర్, ఫోను మా ఆవిడ చేతిలో. 2000 దగ్గర 213, ఆ తరవాత 216. ముందు ఇటుకల ట్రాక్టరు ఉంటే సగం ఎత్తులోనే దాటేశాం. అద్దంలో చూస్తే వెనక రోడ్డు తేటగా ఉంది. "చూశావా, 216" అన్నాను. ఫోను డాష్‌బోర్డు మీద పెట్టేసి, పమిట చెంగుతో మొహం తుడుచుకుంటూ, "చూశాను గానీ, ఇంకా ఏసీ వేయరేంటండీ?" అంది.