ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండోలు, షార్ట్‌కట్‌లు: పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇంట్లో మూలపడ్డ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నారనీ, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ చకచకా నడుస్తోందనీ చదివి ఎంత సంతోషించానో! "అంతా బాగుంది గానీ విండోలతోనే చిరాకు, ఒకటి తెరిస్తే ఇంకొకటి దాని వెనక్కి పోతోంది, ఎంతసేపూ మౌస్‌తో లాగడమే సరిపోతోంది" అని అడిగారు కదా. దానికి రెండు ముక్కల్లో జవాబిస్తే సరిపోదు. నేను పుస్తకాల ప్రూఫులు దిద్దే మనిషిని. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఒకవైపు స్కాన్ చేసిన పేజీ, ఇంకోవైపు టైపు చేసిన పాఠం కళ్ల ముందు ఉండాల్సిందే. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం తెలుసుకోండి. తెర మీద ప్రతి విండో చుట్టూ చట్రం గీసేదీ, ఏది పైన ఉండాలి ఏది కింద ఉండాలి అని తేల్చేదీ విడిగా ఒక ప్రోగ్రామ్. దాన్నే విండో మేనేజర్ అంటారు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో దాని పేరు ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4. ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. 1984లో అమెరికాలోని ఎంఐటీలో ఎక్స్ విండో సిస్టమ్ మొదలైనప్పుడు, తెర మీద గీయడం, కీబోర్డు, మౌస్ కదలికలు అందుకోవడం మాత్రమే దాని పని అనుకున్నారు. విండోలు ఎక్కడ ఉండాలి, ఎలా కదలాలి అనే నిర్ణయాన్ని వేరే ప్రోగ్రామ్‌కు వదిలేశారు. వదిలేశారు కాబట్టే ఎవరి అభిరుచి కొద్దీ వాళ్లు విండో మేనేజర్లు రాసుకున్నారు. 1996లో ఒలివియర్ ఫోర్డాన్ మొదలుపెట్టిన ఎక్స్‌ఎఫ్‌సీఈకి తన విండో మేనేజర్ తనకు ఉండటం కూడా అందువల్లే. మీరు ఇప్పుడు మార్చబోయే అమరికలన్నీ ఆ పాత నిర్ణయం ఇచ్చిన వెసులుబాటే.

ఇక పనిలోకి వద్దాం. సెట్టింగ్స్ తెరిచే ముందు రెండు మూడు రోజులు మీ చేతుల్ని మీరే గమనించండి. ఏ పని కోసం మాటిమాటికీ మౌస్ పట్టుకుంటున్నారు? పాఠం వీడియో పక్కన నోట్స్ పెట్టుకోవడానికా? బ్రౌజర్ నుంచి టెర్మినల్‌కు, అంటే ఆదేశాలు టైపు చేసే విండోకు, వెళ్లి రావడానికా? ఎక్కువసార్లు చేస్తున్న రెండు మూడు పనులకే ముందు షార్ట్‌కట్‌లు పెట్టుకోండి. ఎవరో పెట్టుకున్న యాభై షార్ట్‌కట్‌ల జాబితా తెచ్చి ఒకేసారి దించుకుంటే ఒక్కటీ చేతికి పట్టదు. చేతికి పట్టని షార్ట్‌కట్ ఉన్నా లేనట్టే.

పక్కపక్కన అమర్చడంతో మొదలుపెడదాం, చదువుకునేవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. సెట్టింగ్స్ మేనేజర్‌లో విండో మేనేజర్ తెరిచి, కీబోర్డ్ అనే ట్యాబ్‌కు వెళ్లండి. అక్కడి పొడవాటి జాబితాలో విండోను ఎడమ సగానికి, కుడి సగానికి, పైకి, కిందికి, నాలుగు మూలలకు అమర్చే పనులు విడివిడిగా ఉంటాయి. వీటికి ముందే ఇచ్చి పెట్టిన కీలు చాలా చోట్ల నంబర్ ప్యాడ్ మీది బాణాలతో ఉంటాయి. చిన్న ల్యాప్‌టాప్‌కు నంబర్ ప్యాడే ఉండదు కదా, అందుకే ఈ సౌకర్యం ఉందని కూడా చాలామందికి తెలియదు. జాబితాలో ఎడమ సగానికి అమర్చే వరస మీద రెండుసార్లు క్లిక్ చేసి సూపర్ కీ, ఎడమ బాణం కలిపి నొక్కండి. కుడి సగానికి సూపర్, కుడి బాణం. సూపర్ అంటే మీ కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉన్న కీ. ఆ జోడీ అప్పటికే ఇంకో పనికి ఉంటే దాన్ని దేనికి ఉంచాలో కంప్యూటరే అడుగుతుంది. కంగారు పడకుండా చదివి ఎంచుకోండి.

ఒక జాగ్రత్త. సూపర్ కీ ఒక్కదాన్నే నొక్కితే మెనూ తెరుచుకోవాలని పెట్టుకోకండి. సూపర్, బాణం అని నొక్కబోతే బాణం దాకా వెళ్లకముందే మెనూ తెరుచుకునే ప్రమాదం ఉంది. మెనూకు సూపర్‌తో పాటు ఇంకో కీ కలపండి.

మౌస్‌తో విండోను తెర అంచుకు లాగితే సగానికి అమరడం కూడా ఉంది. అది విండో మేనేజర్ ట్వీక్స్ అనే వేరే చోట, యాక్సెసిబిలిటీ ట్యాబ్‌లో ఉంటుంది. అయితే విండోను అంచుకు లాగితే పక్క వర్క్‌స్పేస్‌కు వెళ్లిపోయే అమరిక ఇంకొకటి ఉంది. వర్క్‌స్పేస్ అంటే విండోలు పరుచుకోవడానికి ఇంకో తెర లాంటిది, ఒకసారికి ఒకటే కనిపిస్తుంది. అది విండో మేనేజర్‌లోనే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో కనిపిస్తుంది. అది ఆన్‌లో ఉన్నంతకాలం సగానికి అమరడం పనిచేయదు. "టిక్కు పెట్టాను, అయినా అమరడం లేదు" అని మీలో ఒకరు అడిగిన దానికి కారణం ఇదే అయ్యుండాలి.

పిల్లలు ఎక్కువగా తికమకపడే సంగతి ఇంకోటి చెప్తాను. ఎక్స్‌ఎఫ్‌సీఈలో షార్ట్‌కట్‌లు ఒకే చోట ఉండవు. విండోను కదిలించడం, మూయడం, వర్క్‌స్పేస్ మారడం లాంటివి ఇప్పుడు చెప్పిన విండో మేనేజర్‌లో ఉంటాయి. ఒక ప్రోగ్రామ్‌ను తెరిచే షార్ట్‌కట్‌లు మాత్రం సెట్టింగ్స్‌లోని కీబోర్డ్‌లో, అప్లికేషన్ షార్ట్‌కట్స్ ట్యాబ్‌లో ఉంటాయి. బ్రౌజర్‌కు ఒకటి, ఫైళ్లకు ఒకటి, టెర్మినల్‌కు ఒకటి పెట్టుకుంటే చాలు. ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్‌ను పై అంచు నుంచి పరదాలా కిందికి దిగేలా, మళ్లీ నొక్కితే పైకి పోయేలా కూడా పెట్టుకోవచ్చు. షార్ట్‌కట్‌లో టెర్మినల్‌ను తెరిచే ఆదేశం వెనక డ్రాప్-డౌన్ అనే ఐచ్ఛికం చేర్చాలి. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఇది తప్పకుండా చేసుకోండి.

ఇప్పుడు అసలైన చోటుకొచ్చాం. ఇది అర్థమైతే ఏ డెస్క్‌టాప్‌లోనైనా మీ సమస్య మీరే విప్పుకోగలరు. మీరు రెండు కీలు కలిపి నొక్కినప్పుడు ఆ సంగతి మొదట ఎవరికి అందుతుంది? మీరు టైపు చేస్తున్న ప్రోగ్రామ్‌కు అనుకుంటాం. కాదు. "ఈ జోడీ నొక్కితే నాకే చెప్పు" అని విండో మేనేజర్ ముందే ఎక్స్ సర్వర్ దగ్గర, అంటే ఇందాక చెప్పిన ఎక్స్ విండో సిస్టమ్‌లో కీబోర్డు, మౌస్ కదలికలు అందుకునే ప్రోగ్రామ్ దగ్గర, రాయించి పెట్టుకుంటుంది. అలా రాయించుకున్న జోడీ ఏదైనా నేరుగా దానికే పోతుంది. వీధి అరుగు మీద కూర్చున్న తాతగారు పోస్ట్‌మ్యాన్ చేతిలోంచి ఉత్తరం అందుకుంటే, అది ఎవరి పేరున వచ్చిందో వాళ్లకు అసలు ఉత్తరం వచ్చిన సంగతే తెలియదు చూడండి, అలా.

మంచి ఉదాహరణ లిబ్రేఆఫీస్‌లో లెక్కల పట్టికలు చేసే కాల్క్. అందులో కంట్రోల్, ఎఫ్2 నొక్కితే, సూత్రాలు ఎంచుకునే ఫంక్షన్ విజార్డ్ తెరుచుకోవాలి. లెక్కల పట్టిక చేసేటప్పుడు చాలా అవసరమైనది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో మాత్రం కంట్రోల్, ఎఫ్1 నుంచి మొదలుపెట్టి ఆ వరసంతా వర్క్‌స్పేస్‌లకు కేటాయించి ఉంటుంది. మీరు ఫంక్షన్ కోసం నొక్కితే రెండో వర్క్‌స్పేస్ వచ్చి పట్టిక మాయమవుతుంది. లిబ్రేఆఫీస్‌లోనే పాఠం రాసుకునే రైటర్‌లో, దాచుకున్న వాక్యాల్ని చేర్చే ఆటోటెక్స్ట్ తెరిచే కంట్రోల్, ఎఫ్3కీ అదే గతి. లిబ్రేఆఫీస్‌లో తప్పు ఉందనుకుని దాన్ని తీసి మళ్లీ వేసేవాళ్లున్నారు. పాపం, దానికి ఆ కీ అందనే లేదు! విండో మేనేజర్ కీబోర్డ్ ట్యాబ్‌లో ఆ వరసల్ని ఎంచి క్లియర్ నొక్కండి, లేదా వర్క్‌స్పేస్‌లకు సూపర్, ఎఫ్1 మొదలైనవి ఇవ్వండి. నాకు రెండోదే నచ్చుతుంది. సూపర్ కీతో మొదలయ్యేవన్నీ విండోలకు, కంట్రోల్‌తో మొదలయ్యేవన్నీ లోపలి ప్రోగ్రాములకు అని హద్దు గీసుకుంటే ఇద్దరికీ తగాదా రాదు.

ఆల్ట్ కీ విషయంలోనూ ఇదే తగాదా. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆల్ట్ పట్టుకుని విండోలో ఎక్కడైనా ఎడమ బటన్‌తో లాగితే విండో కదులుతుంది, కుడి బటన్‌తో లాగితే సైజు మారుతుంది. పాత ల్యాప్‌టాప్‌లకు ఇది వరం. 1366×768 తెర మీద కొన్ని సెట్టింగ్స్ విండోలు ఎంత పొడుగుంటాయంటే, కింద ఉన్న ఓకే బటన్ తెర దాటిపోతుంది. ఆల్ట్ పట్టుకుని విండోను పైకి తోస్తే ఆ బటన్ కనిపిస్తుంది. అయితే ఇంక్‌స్కేప్‌లో బొమ్మలు గీసేవాళ్లకు ఒకదాని కింద ఉన్న ఆకారాన్ని పట్టుకోవడానికి ఆల్ట్‌తో క్లిక్ కావాలి. అలాంటివాళ్లు విండో మేనేజర్ ట్వీక్స్‌లో, విండోను పట్టుకునే కీ ఆల్ట్ అన్న చోట సూపర్ అని మార్చుకోండి. ఆ కీకి మళ్లీ అదే హద్దు వర్తిస్తుంది.

తెలుగులో టైపు చేసే మీకు ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిష్, తెలుగు లేఅవుట్ల మధ్య మారడానికి కొందరు కంట్రోల్, షిఫ్ట్ పెట్టుకుంటారు, కొందరు ఆల్ట్, షిఫ్ట్. ఆ రెండింటినీ కిందికి నొక్కగానే భాష మారిపోతుంది. ఆ తర్వాత మూడో కీ కలిపే షార్ట్‌కట్‌లు, ఉదాహరణకు బ్రౌజర్‌లో మూసిన ట్యాబ్‌ను తిరిగి తెరిచే కంట్రోల్, షిఫ్ట్, టీ, తడబడతాయి. ఆల్ట్, షిఫ్ట్ అయితే ఆల్ట్, షిఫ్ట్, ట్యాబ్‌కు అడ్డు. నా సలహా క్యాప్స్‌లాక్. తెలుగులో ఇంగ్లిష్‌లోలా పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడా లేదు కాబట్టి ఆ కీ మనకు ఖాళీగానే ఉంటుంది. ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరానికి షిఫ్ట్ ఎలాగూ ఉంది. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ ట్యాబ్‌కు వెళ్లి, సిస్టమ్ డిఫాల్ట్ వాడమనే టిక్కు తీసేస్తే అక్కడ ఎంచుకోవచ్చు. ఇంకోటి, విండోల షార్ట్‌కట్‌లకు వీలైనంతవరకు అక్షరాల కీలు వద్దు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్‌లోకి మారితే కె కీ మీద క ఉంటుంది గానీ హెచ్ కీ మీద ప ఉంటుంది. బాణాలు, ఎఫ్ వరస మాత్రం ఏ భాషలోనైనా అవే.

ఫోకస్, అంటే టైపు చేసేది ఏ విండోలో పడాలన్న సంగతి, దాని గురించి తొందరగా చెప్పేస్తాను. విండో మేనేజర్‌లోని ఫోకస్ ట్యాబ్‌లో, క్లిక్ చేస్తేనే విండో చురుగ్గా మారాలా, మౌస్ దాని మీదికి వెళితే సరిపోతుందా అని రెండు పద్ధతులున్నాయి. రెండోది ఎంచి, పైకి లేవడాన్ని ఆపేస్తే, కొంచెం కప్పబడి ఉన్న విండోలో కూడా అది ముందుకు రాకుండానే టైపు చేయొచ్చు. నాకు ప్రాణం. మీలో కొందరికి మౌస్ తగిలి అక్షరాలు వేరే చోట పడి విసుగొస్తుంది. వారం వాడి చూడండి, నచ్చకపోతే మార్చేయండి.

లినక్స్‌లోనే ఉన్న వేరే డెస్క్‌టాప్‌లు గ్నోమ్‌లోనూ కేడీఈ ప్లాస్మాలోనూ ఇవన్నీ వేరే పేర్లతో ఉంటాయి. గ్నోమ్‌లో సూపర్, ఎడమ బాణం ముందే పనిచేస్తుంది. ప్లాస్మా 5.27, అంటే 2023లో వచ్చినదాని నుంచి, తెరను మీ ఇష్టం వచ్చిన గళ్లుగా విభజించుకునే ఏర్పాటు కూడా ఉంది. స్నేహితుల ఇంట్లో అవి కనిపిస్తే చూడండి. మీ పాత యంత్రానికి మాత్రం ఎక్స్‌ఎఫ్‌సీఈనే హాయి.

ఇంత శ్రమపడి అమర్చుకున్నది పోకుండా చూసుకోవాలి కదా. మీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ అనే దాచిన ఫోల్డర్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ4, అందులో ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ ఉంటాయి. షార్ట్‌కట్‌లన్నీ అక్కడ ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంటాయి. ఫోల్డర్ తెరిచి కంట్రోల్, హెచ్ నొక్కితే దాచినవి కనిపిస్తాయి. ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. వేరే కంప్యూటర్‌లో వేసేటప్పుడు డెస్క్‌టాప్ నుంచి లాగ్ అవుట్ అయి వేయాలి. డెస్క్‌టాప్ నడుస్తుండగా వేస్తే అది తన దగ్గరున్న పాత విలువల్ని మళ్లీ రాసేసి మీ ఫైల్‌ను చెరిపేయగలదు. ఏదైనా బాగా కలగాపులగమైతే రెండు చోట్లా రీసెట్ టు డిఫాల్ట్స్ బటన్ ఉంది, భయపడనక్కర్లేదు. విండో మేనేజర్‌లోని కీబోర్డ్ ట్యాబ్ నుంచే, ముందు ఒక్క కంట్రోల్, ఎఫ్2 సంగతి సరిచేసి, కాల్క్‌లో ఫంక్షన్ విజార్డ్ తెరుచుకుందో లేదో నాకు రాయండి. సూపర్ కీకి ఏయే పనులు ఇచ్చుకున్నారో కూడా రాయండి.

మీ
పెద్దమ్మ