రేకు మీద సుంకం: వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది

రేకుల షాపులో బేరం మందంతో మొదలవుతుంది. "పాయింట్ నలభై ఐదు కావాలా, పాయింట్ యాభై కావాలా?" అని అడిగి, షాపతను రేకు అంచును మైక్రోమీటర్‌లో బిగించి చూపిస్తాడు. వెనక షెడ్డులో మిషన్ నడుస్తుంటుంది. ఒకవైపు నుంచి పెద్ద కాయిల్ చుట్ట విప్పుకుంటూ లోపలికి వెళ్తుంది, ఇవతల గాళ్లు పడిన రేకుగా బయటికి వస్తుంది. మీ మేడ మీద షెడ్డు పొడవెంతో చెబితే అంతకి కోసిస్తారు. అడుగు రేటెంతో అందరూ అడుగుతారు గానీ, ఆ కాయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ. రేటు మాత్రం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు ఇళ్ల మీద, గోడౌన్ల మీద, కోళ్ల ఫారాల మీద కనిపించే ఈ రేకుల్లో చాలావాటిని గాల్వాల్యూమ్ అంటారు. పాతకాలపు జీఐ రేకుకు జింకు పూత ఒక్కటే. గాల్వాల్యూమ్ పూతలో సుమారు 55 శాతం అల్యూమినియం, 43 శాతానికి పైగా జింకు, మిగిలింది కాస్త సిలికాన్. తుప్పు ఆలస్యంగా పడుతుంది కాబట్టి పైకప్పులకు ఇదే వాడుతున్నారు. చైనా, వియత్నాం, కొరియా నుంచి వచ్చే ఈ సరుకు మీద మన ప్రభుత్వం 2019 అక్టోబర్‌లో యాంటీ డంపింగ్ సుంకం వేసింది. కాగితం మీద గడువు ఐదేళ్లు. నిజంగా వసూలైంది పదహారు నెలలు కూడా కాదు. సుంకం పోయింది సమీక్షల కోసమే ఉన్న ఆఫీసు విచారణ వల్ల కాదు, బడ్జెట్ ప్రసంగం వల్ల. మన దేశంలో ఉక్కు సుంకాల సమీక్ష అసలు ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవాలంటే ఈ రేకు కథ చూస్తే చాలు.

ముందుగా ఒక అపోహ సంగతి. 'విదేశీ ఉక్కుపై సుంకం' అని వార్త రాగానే ఇల్లు కట్టేవాళ్లు టీఎంటీ కడ్డీల రేటు పెరుగుతుందని టెన్షన్ పడతారు. కానీ మన దగ్గర స్లాబుల్లో, పిల్లర్లలో వాడే కడ్డీ దాదాపు అంతా దేశంలో చేసిందే. దాని రేటును నడిపించేది ఇనుప ఖనిజం, బొగ్గు, స్పాంజ్ ఐరన్, స్క్రాప్ ధరలు. సుంకాల గొడవ ఎక్కువగా చదును ఉక్కుది, అంటే కాయిళ్లు, షీట్లు, ప్లేట్లది. విశాఖ ఉక్కు చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, చానెళ్లు. చదును ఉక్కు అక్కడ తయారు కాదు. అందుకే ఈ పెద్ద సుంకాల్లో చాలావాటితో మన వైజాగ్ ప్లాంటుకు నేరుగా కలిగే మేలు అంతంత మాత్రమే. చైనా వైర్ రాడ్ల మీద 2016-17లో వేసిన సుంకం లాంటివి మినహాయింపు.

డంపింగ్ అనే మాటకు చట్టంలో ఉన్న అర్థం మామూలు వాడుకలో అనుకునేదానికి వేరు. సరుకు చవగ్గా వస్తే అది డంపింగ్ అయిపోదు. అవతలి కంపెనీ తన సొంత దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు మనకు అమ్మితేనే డంపింగ్. దీని మీద మొదటి చట్టం 1904లో కెనడాది. పొరుగున ఉన్న అమెరికా కంపెనీలు రైలు పట్టాలు తక్కువకు తెచ్చి పోస్తున్నాయన్న గొడవ దాని వెనక ఉంది. చూడండి, అప్పుడూ ఉక్కే. దేశాల మధ్య వ్యాపార నియమాల కోసం 1947లో కుదిరిన గాట్ ఒప్పందంలో ఆరో అధికరణం దీనికే పెట్టారు. మన కస్టమ్స్ టారిఫ్ చట్టంలో 9ఏ సెక్షన్ 1982లో చేరినా, పదేళ్లు వాడకుండానే ఉండిపోయింది. తలుపులన్నీ లైసెన్సులతో మూసి ఉన్నప్పుడు డంపింగ్ ఎక్కడిది? 1991 తర్వాత ఆ తలుపులు తెరుచుకున్నాయి. మొదటి విచారణ 1992లో పీవీసీ రెజిన్ మీద జరిగింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక అడ్డు అదుపు లేకుండా వాడింది మనమే. అప్పటి నుంచి ప్రపంచంలో యాంటీ డంపింగ్ విచారణలు ఎక్కువగా మొదలుపెట్టిన దేశం భారతే.

లెక్క ఎలా వేస్తారో ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఒక కాయిల్ అక్కడి మార్కెట్లో టన్ను 700 డాలర్లు పలుకుతోంది, మనకు మాత్రం 600కే పంపుతున్నారు. తేడా 100 డాలర్లు, అది డంపింగ్ మార్జిన్. ఇక్కడి కంపెనీకి నష్టం రాకుండా ఉండాలంటే అది టన్ను 660కి దిగితే చాలని లెక్క తేలిందనుకోండి. అప్పుడు వేసేది 100 కాదు, 60. రెండింటిలో ఏది తక్కువైతే అది. ఈ లెక్కలన్నీ వేసేది వాణిజ్య శాఖ కింద ఉండే డీజీటీఆర్. 2018 మే వరకు దాన్ని డీజీఏడీ అనేవారు. అది సిఫారసు మాత్రమే చేయగలదు. నోటిఫికేషన్ ఇచ్చి సుంకం వేసేది ఆర్థిక శాఖ. ఒకే ప్రభుత్వంలోని ఈ రెండు శాఖల మధ్య ఉన్న గీతను గుర్తుంచుకోండి, అసలు గొడవంతా అక్కడే.

ఉక్కు మీద సుంకాల వర్షం 2015లో మొదలైంది. ఆ ఏడాది చైనా ఎగుమతి చేసిన ఉక్కు 11 కోట్ల టన్నులు దాటింది. మన దేశం ఏడాదంతా చేసిన ఉక్కు 9 కోట్ల టన్నుల లోపే. కొరియా, జపాన్‌లతో అప్పటికే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు ఉన్నాయి కాబట్టి మామూలు దిగుమతి సుంకం పెంచినా ఆ దారిన వచ్చేది ఆగదు. 2015 సెప్టెంబర్‌లో హాట్ రోల్డ్ కాయిళ్ల (ఉక్కును ఎర్రగా కాల్చి ఒత్తిన చుట్టల) మీద 20 శాతం సేఫ్‌గార్డ్ సుంకం వేశారు, అంటే దిగుమతులు ఉన్నట్టుండి పోటెత్తినప్పుడు వేసే సుంకం. అది సరిపోలేదని 2016 ఫిబ్రవరిలో 173 రకాల ఉక్కుకు కనీస దిగుమతి ధర పెట్టారు, టన్ను 341 నుంచి 752 డాలర్ల దాకా. అంతకంటే తక్కువకు దేశంలోకి తేవద్దన్నమాట. ఇది మొరటు కత్తి, ప్రపంచ వాణిజ్య సంస్థలో నిలబెట్టుకోవడం కష్టం. అందుకే దాని చాటున యాంటీ డంపింగ్ విచారణలు నడిపించి, 2017లో కనీస ధర తీసేసే నాటికి వాటిని సిద్ధం చేసుకున్నారు.

ఆ 2017 సుంకాల తీరు కొంచెం విచిత్రం. టన్నుకు ఇంత అని వేయకుండా ఒక రిఫరెన్స్ ధర పెట్టారు. కోల్డ్ రోల్డ్ ఉక్కుకు 576 డాలర్లు, చైనా, ఐరోపా నుంచి వచ్చే కలర్ కోటెడ్ షీట్లకు 822 డాలర్లు. దిగుమతి ధర దానికంటే తక్కువైతే ఆ తేడానే సుంకం. దాటితే సున్నా. అంటే మార్కెట్ బాగున్నప్పుడు సుంకం తనంతట తానే నిద్రపోతుంది, పడిపోయినప్పుడు లేస్తుంది. నా ఉద్దేశంలో మన అధికారులు చేసిన తెలివైన పనుల్లో ఇదొకటి. ధర చెప్పే మాట వినడానికి ఏ సమీక్షా అక్కర్లేదు.

గాల్వాల్యూమ్‌కు మాత్రం ఆ పద్ధతి వాడలేదు. 2019 అక్టోబర్‌లో తాత్కాలిక సుంకం, 2020 జూన్‌లో తుది సుంకం. కంపెనీని బట్టి, దేశాన్ని బట్టి టన్నుకు 13.07 డాలర్ల నుంచి 173.10 డాలర్ల దాకా. స్థిరమైన మొత్తం. ప్రపంచంలో ధర ఎక్కడికి పోయినా ఆ భారం అలాగే పడుతుంది.

తర్వాత ఏం జరిగిందో రేకులు కొన్నవాళ్లకు బాగా గుర్తుండాలి. 2020 మధ్యలో లాక్‌డౌన్ రోజుల్లో టన్ను 40 వేల లోపు పడిపోయిన హాట్ రోల్డ్ కాయిల్, ఏడాది తిరిగేసరికి 65 వేలు దాటింది. గాల్వాల్యూమ్‌కూ, జీఐకీ, రంగు రేకుకూ తల్లి సరుకు అదే. 2021 ఫిబ్రవరి 1 బడ్జెట్లో నిర్మలా సీతారామన్ చిన్న పరిశ్రమల ఇబ్బందిని కారణంగా చూపి రెండు పనులు చేశారు. ఉక్కు మీద మామూలు దిగుమతి సుంకాన్ని 7.5 శాతానికి తగ్గించారు. కొన్ని ఉక్కు సరుకుల మీద యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలను సెప్టెంబర్ దాకా ఆపేశారు. ఆ జాబితాలో గాల్వాల్యూమ్ ఉంది. గడువు తర్వాత పొడిగించారు. 2022 బడ్జెట్లో పూర్తిగా రద్దు చేశారు, లోహాల ధరలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి ప్రజాప్రయోజనం అని. నాలుగు నెలలకు ఏకంగా ఎగుమతుల మీదే 15 శాతం పన్ను వేశారు, నవంబర్‌లో తీసేశారు. ఆరేళ్ల కిందట ఉక్కు లోపలికి రాకుండా గోడ కట్టిన ప్రభుత్వమే ఉక్కు బయటికి పోకుండా గోడ కట్టింది.

ఇక్కడ కోర్టు కలగజేసుకుంది. అదే 2022 ఫిబ్రవరి 1న చైనా స్టెయిన్‌లెస్ స్టీల్ షీట్ల మీద 2017 నుంచి ఉన్న 18.95 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకాన్ని కూడా రద్దు చేశారు. ఈ సుంకం డంపింగ్‌కు కాదు, అవతలి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీకి విరుగుడు. ఐదేళ్లు నిండకముందే, డీజీటీఆర్ సమీక్ష లేకుండా ఎలా తీసేస్తారని రియల్‌స్ట్రిప్స్ అనే కంపెనీ గుజరాత్ హైకోర్టుకు వెళ్లింది. 2022 సెప్టెంబర్‌లో కోర్టు ఆ రద్దును కొట్టేసింది. విచారణ చేసి వేసిన సుంకాన్ని తీసేయడానికీ విచారణ ఉండాలన్నది సారాంశం. ప్రభుత్వం ఏం చేసింది? 2023 ఫైనాన్స్ చట్టం ద్వారా కస్టమ్స్ టారిఫ్ చట్టంలోని 9, 9ఏ, 9సీ సెక్షన్లను సవరించి, ఆ సవరణలు 1995 జనవరి 1 నుంచే అమల్లో ఉన్నట్టు రాసుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల వెనక్కి వెళ్లి మరీ!

మామూలు దారిలో జరిగే సమీక్ష ఎలా ఉంటుంది? దాన్ని సన్‌సెట్ రివ్యూ అంటారు. ఐదేళ్లు నిండితే సుంకం అస్తమించాలి. ఇక్కడి కంపెనీ ముందుగానే దరఖాస్తు పెట్టుకుంటే డీజీటీఆర్ సమీక్ష మొదలుపెడుతుంది. అది నడుస్తున్నంత కాలం సుంకాన్ని మరో ఏడాది వరకు కొనసాగించవచ్చు. తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే. సుంకం తీసేస్తే డంపింగ్, దానితో నష్టం కొనసాగుతాయా, లేక మళ్లీ మొదలవుతాయా? జరిగినదాన్ని లెక్కగట్టడం కాదు, జరగబోయేదాన్ని ఊహించడం. ఇక్కడో తమాషా ఉంది. సుంకం ఉన్నా దిగుమతులు వస్తూనే ఉంటే, "చూశారా, ఇంకా డంప్ చేస్తున్నారు, కొనసాగించండి" అంటారు. దిగుమతులు ఆగిపోయి కంపెనీ లాభాల్లో ఉంటే, "సుంకం వల్లే ఆగాయి, తీస్తే మళ్లీ వస్తాయి, కొనసాగించండి" అంటారు. ముందు చూస్తే గొయ్యి, వెనక చూస్తే నుయ్యి అన్నట్టు, విదేశీ కంపెనీకి ఏ లెక్కా కలిసిరాదు. అందుకే అమెరికాలో కొన్ని సుంకాలు తరాలు దాటుతాయి. లాత్వియా నుంచి వచ్చే కాంక్రీటు కడ్డీల మీద అక్కడ 2001లో వేసిన సుంకం, లాత్వియాలో కడ్డీలు చేసే మిల్లు లియెపాయాస్ మెటలుర్గ్స్ 2013లో దివాలా తీశాక కూడా కొనసాగింది.

ఇదంతా జరిగే గదిలో రేకు చేసే షెడ్డు యజమాని కనిపించడు. వాడకందారులూ తమ వాదన చెప్పుకోవచ్చని నిబంధనల్లో ఉంది. కానీ ప్రశ్నావళి నింపడానికి, లాయర్‌ను పెట్టుకోవడానికి అతనికి తీరికా లేదు, డబ్బూ లేదు. పైగా అతను కాయిల్ కొనేది సుంకం అడిగిన పెద్ద కంపెనీల దగ్గరే. వాళ్లు కాయిల్ అమ్ముతారు, సొంత బ్రాండుతో రేకూ అమ్ముతారు. సరుకిచ్చే వాడితోనే పోటీ పడాలి, అతని మీదే ఢిల్లీలో వాదించాలి. ఎవరు సాహసిస్తారు? 2021లో సుంకం ఆపినప్పుడు బడ్జెట్ ప్రసంగంలో ఈ చిన్నవాళ్ల పేరు వినిపించింది గానీ, డీజీటీఆర్ ఫైళ్లలో వాళ్ల గొంతు తక్కువే. అలాగని కంపెనీల మొర అబద్ధమనీ అనలేం. 2015లో ధర పడిపోయినప్పుడు ఉక్కు కంపెనీల అప్పులు బ్యాంకులకు మొండి బాకీలైన సంగతి తెలిసిందే. ఆ నష్టంలో కొంత మనమూ మోశాం.

2023-24లో మన దేశం ఎగుమతుల కంటే ఉక్కు దిగుమతులు ఎక్కువ చేసుకుంది. మరుసటి ఏడాదీ అంతే. 2024లో చైనా ఎగుమతులు మళ్లీ 11 కోట్ల టన్నులకు చేరాయి. అక్కడ ఇళ్ల నిర్మాణం కుదేలైంది, చేసిన ఉక్కు ఎక్కడికో పోవాలి కదా. 2025 ఏప్రిల్ 21న చదును ఉక్కు మీద 12 శాతం తాత్కాలిక సేఫ్‌గార్డ్ సుంకం పడింది, 200 రోజులకు. డంపింగ్ చేశారని నిరూపించే పని ఇందులో లేదు. దిగుమతులు ఉన్నట్టుండి పోటెత్తి నష్టం చేస్తున్నాయని చూపితే చాలు, అన్ని దేశాలకూ వర్తిస్తుంది. అభివృద్ధి చెందుతున్న దేశాలకు మినహాయింపు ఇచ్చినా చైనా, వియత్నాంలకు ఇవ్వలేదు. రిఫరెన్స్ ధరల పాత ఆలోచన కూడా వేరే రూపంలో తిరిగొచ్చింది. హాట్ రోల్డ్ కాయిల్ టన్ను 675 డాలర్లు, కలర్ కోటెడ్ 964 డాలర్లు దాటి వస్తే సుంకం లేదు. డిసెంబర్ చివరలో దీన్ని మూడేళ్లకు ఖాయం చేశారు. మొదటి ఏడాది 12, తర్వాత 11.5, ఆ తర్వాత 11 శాతం, 2025 ఏప్రిల్ నుంచే లెక్క.

లోహపు పూత వేసిన ఉక్కు కూడా ఆ జాబితాలో ఉంది. అంటే 2022లో ప్రజాప్రయోజనం పేరిట సుంకం పోగొట్టుకున్న గాల్వాల్యూమ్ కాయిల్, మూడేళ్లు తిరిగేసరికి వేరే పేరున్న సుంకం కింద మళ్లీ ఓడరేవులో లెక్కకు నిలబడింది. ఈ సుంకం 2028 ఏప్రిల్‌తో ముగుస్తుంది. అప్పటికి హాట్ రోల్డ్ కాయిల్ 40 వేల దగ్గర ఉంటే కంపెనీలు డీజీటీఆర్ గుమ్మం ఎక్కుతాయి. 65 వేలు దాటి ఉంటే, ఆ ఏడాది ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో కస్టమ్స్ పేరాలు వచ్చేదాకా ఆగి వినాలి.